రేపటి ప్లాన్‌ను దేవుని చిత్తానికి అప్పగించడం అంటే అసలు ఏం చేయాలి?

వందనాలు సోదరీ.

మీరు అడిగింది క్లుప్తంగా మళ్ళీ చెప్తాను, మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. రాబోయే ఐదేళ్ళకి ఒక ప్లాన్ రాసుకున్నారు. ముందు పై చదువు, తర్వాత మంచి ఉద్యోగం, చదువు అప్పు తీరాక పెళ్ళి, కాస్త నిలదొక్కుకున్నాక వారంలో కొంత సమయం పరిచర్యకి. అది విని మీ సంఘంలో ఒక పెద్దావిడ "రేపేమవుతుందో నీకేం తెలుసమ్మా, ప్లాన్లు వెయ్యడమే అవిశ్వాసం, యాకోబు పత్రిక నాలుగో అధ్యాయం చదువుకో" అన్నారు. అప్పట్నుంచి ఆ కాగితం చూస్తుంటేనే ఏదో తప్పు చేసినట్టు ఉంది. దాన్ని చింపెయ్యాలా, ఉంచుకోవాలా? ఉంచుకుంటే "దేవుని చిత్తానికి అప్పగించడం" అనే పని ఎలా చెయ్యాలి? ఇదీ ప్రశ్న. చివర్లో ఇంకో వాక్యం రాశారు: "నిజం చెప్పాలంటే, అప్పగిస్తే ఆయన తీసేసుకుంటాడేమోనని భయం." నాకైతే మీ ప్రశ్నలో అసలు సంగతి ఆ వాక్యంలోనే ఉందనిపించింది. దాని దగ్గరికి తప్పకుండా వస్తాను.

ముందు సూటిగా జవాబు. ప్లాన్ చింపకండి. దేవునికి అప్పగించడమంటే ప్లాన్ మానెయ్యడం కాదు. ప్లాన్ అంతా మనమే ఖాయం చేసేసుకుని చివర్లో ఆశీర్వదించమని అడగడం కూడా అప్పగించడం అనిపించుకోదు. బుద్ధి ఉన్నంత మేరకు బాగా ఆలోచించి ప్లాన్ వెయ్యాలి, దాన్ని మార్చే హక్కు, ఆపే హక్కు ప్రభువుకి ఇచ్చెయ్యాలి. ఆ హక్కు నిజంగా ఇచ్చామో లేదో ప్రార్థన చేసిన రోజున తెలియదు. ప్లాన్ మారిన రోజున తెలుస్తుంది.

సంఘ కాపరిగా ఇన్నేళ్ళలో నా దగ్గరికి ప్రార్థన కోసం వచ్చినవాళ్ళలో ఎక్కువమంది చదువు, ఉద్యోగం, పెళ్ళి, పరిచర్య, ఈ నాలుగింటి గురించే వచ్చారు. అందరూ తిప్పి తిప్పి అడిగేది ఇదే. కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

యాకోబు తప్పు పట్టింది దేన్ని?

ఆ భాగం మళ్ళీ తీసి చదవండి. నేడో రేపో ఫలానా పట్టణానికి వెళ్ళి, అక్కడ ఒక సంవత్సరం ఉండి, వ్యాపారం చేసి లాభం సంపాదిద్దాం అనుకునే వర్తకులతో యాకోబు మాట్లాడుతున్నాడు. వాళ్ళ మాటల్లో ఊరు ఉంది, గడువు ఉంది, లాభం ఉంది, దేవుడు మాత్రం లేడు. రేపు బతికి ఉంటామా అన్న ఆలోచన కూడా లేదు. అందుకు ఆయన ఇచ్చిన మందు ఏమిటి? ప్రయాణం మానుకోమన్నాడా? లేదు. "ప్రభువు చిత్తమైతే మనము బ్రదికియుండి ఇది అది చేతమని చెప్పుకొనవలెను" అన్నాడు. ఇదీ అదీ చెయ్యడం అలాగే ఉంది. వ్యాపారమూ ఉంది. బతికి ఉండడం దగ్గర్నుంచే అంతా ఆయన దయ అన్న ఒప్పుకోలు కొత్తగా వచ్చి చేరింది. ఆ వెంటనే పదహారో వచనంలో ఆయన తప్పు పట్టింది డంబాన్ని, అతిశయాన్ని. ముందు జాగ్రత్తని ఎక్కడా తప్పు పట్టలేదు.

మిగతా లేఖనం కూడా అంతే. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని అడిగింది స్వయంగా యేసు ప్రభువే (లూకా 14). అదే లూకా సువార్త పన్నెండో అధ్యాయంలో పంట బాగా పండితే కొట్లు విప్పి ఇంకా పెద్దవి కట్టిస్తాననుకున్న ధనవంతుణ్ణి దేవుడు వెర్రివాడా అన్నాడు. ఇద్దరూ లెక్కలు వేసినవాళ్ళే. ఆ ధనవంతుడి మాటలు నెమ్మదిగా చదవండి: నా పంట, నా కొట్లు, నా ఆస్తి, నా ప్రాణం. అన్నీ "నా"లే. పొరుగువాడు లేడు, దేవుడు లేడు. మీ కాగితం మీదా ఇదే పరీక్ష పెట్టుకోండి. ఐదేళ్ళ లెక్క ఉందా అని కాదు, ఆ ఐదేళ్ళలో మీరు తప్ప ఇంకెవరైనా ఉన్నారా అని.

ఆ పెద్దావిడ మీద కోపం పెట్టుకోవద్దు. అలా మాట్లాడేవాళ్ళలో చాలామంది తమ జీవితంలో ఏదో పెద్ద ప్లాన్ కూలిపోతే ఆ గాయంతోనే అంటారు. వీలు చూసుకుని ఒకసారి వెళ్ళి ఆమె కథ అడగండి.

పౌలు స్పెయిన్ ప్రయాణం

దీని మీద నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది, కాస్త ఆగి చెప్తాను. పౌలు రోమా సంఘానికి రాస్తూ పదిహేనో అధ్యాయంలో తన ప్లాన్ మొత్తం విప్పి చెప్తాడు. ఇటు పని అయిపోయింది, ముందు యెరూషలేముకి వెళ్ళి బీదలైన పరిశుద్ధుల కోసం పోగుచేసిన చందా అందించాలి, తర్వాత మిమ్మల్ని చూసి, మీ సాయంతో స్పెయిన్‌కి వెళ్ళాలి అని. ఊళ్ళ పేర్లు, వరస, ఎవరి సాయం కావాలో, అన్నీ ఉన్నాయి. అవిశ్వాసుల చేతుల్లోంచి తప్పించబడేలా ప్రార్థించండని అడిగాడు, దేవుని చిత్తమైతే సంతోషంతో మీ దగ్గరికి వస్తానని కూడా రాశాడు.

మరి జరిగిందేమిటి? యెరూషలేములో పట్టుకున్నారు. కైసరయలో రెండేళ్ళు కావలిలో ఉన్నాడు. సముద్రంలో ఓడ బద్దలైంది, మెలితే ద్వీపంలో చలికాలం గడిచింది. చివరికి రోమా చేరాడు, కానీ ఖైదీగా. అక్కడ అద్దె ఇంట్లో రెండేళ్ళు, ఒక సైనికుడి కావలిలో. అపొస్తలుల కార్యములు అక్కడితో ఆగిపోతుంది. స్పెయిన్ ఊసే లేదు.

అయితే ఆ ప్లాన్ వృథా అయిందా? స్పెయిన్ వెళ్ళాలన్న ఆలోచన లేకపోతే, ముఖం చూడని సంఘానికి తన సువార్త ఏమిటో అంత పొడుగున వివరించి రాయాల్సిన పని ఆయనకి ఏముంది? ఇవాళ మన చేతిలో ఉన్న రోమా పత్రిక వెనక ఆ ప్రయాణపు ప్లాన్ ఉంది. వెళ్తానన్న ఊరు చేరాడో లేదో లేఖనం చెప్పదు. ఆ ప్రయాణానికి దారి వేసుకోవడానికి రాసిన ఉత్తరం మాత్రం సుమారు రెండు వేల సంవత్సరాలుగా సంఘాన్ని పోషిస్తోంది. దేవుడు నెరవేర్చని ప్లాన్‌ని కూడా వాడుకుంటాడు. మొదటే ఏ ప్లానూ వెయ్యనివాడి దగ్గర వాడుకోవడానికి అదీ ఉండదు కదా.

దావీదు సంగతీ అలాంటిదే. మందిరం కట్టాలనుకున్నాడు. నాతాను ప్రవక్త కూడా సరే, చెయ్యమన్నాడు. ఆ రాత్రే దేవుని మాట వచ్చింది: నువ్వు కాదు, నీ కుమారుడు కడతాడు. మంచి కోరిక, ప్రవక్త ఒప్పుకున్న కోరిక, అయినా కాదన్నాడు. తర్వాత సొలొమోను గుర్తు చేసుకున్న మాట చూడండి: ఆ తాత్పర్యం నీకు కలగడం మంచిదే అని దేవుడు దావీదుతో అన్నాడట. కాదన్నవాడే కోరికని మెచ్చుకున్నాడు. దావీదు అలిగి కూర్చోలేదు. బంగారం, వెండి, ఇత్తడి, ఇనుము, దేవదారు మ్రానులు పోగుచేసి, మందిరపు నమూనా కూడా కొడుకు చేతికి ఇచ్చాడు. ప్లాన్ చేజారిపోయాక కూడా దాని కోసం పని చెయ్యడం, పేరు ఇంకొకరికి వస్తుందని తెలిసి చెయ్యడం. అప్పగించినవాడంటే నాకు ఆయనే గుర్తొస్తాడు.

"తీసేసుకుంటాడేమో" అన్న భయం

ఇక మీ అసలు ప్రశ్న.

ఒక దంపతులు గుర్తొస్తున్నారు. ఒక్కగానొక్క కొడుకు, ఆపరేషన్ జరుగుతోంది. ఆసుపత్రి వరండాలో నేను వాళ్ళతో కూర్చున్నాను. తండ్రి ప్రార్థన మొదలుపెట్టాడు. బిడ్డని బాగుచెయ్యమని, డాక్టర్ల చేతులకి తోడుగా ఉండమని చక్కగా ప్రార్థించాడు. "అయినా ప్రభువా..." అని ఆగిపోయాడు. చేతిలో రుమాలు నలుపుతూ అలాగే ఉండిపోయాడు. తర్వాత మాట రాలేదు. కాసేపటికి భార్య ఆయన భుజం మీద చెయ్యి వేసి "ఆయనకి తెలుసులెండి" అంది. ఆమేన్ అనుకుని కళ్ళు తెరిచాం. తర్వాత ఆయన నాతో అన్నాడు: "నీ చిత్తం అంటే, సరే అయితే తీసుకుపోతాను అంటాడేమోనని నోరు రాలేదయ్యా."

చాలామంది లోపల ఉన్నది ఇదే. దేవుడు ఒక మూల పొంచి ఉన్నాడు, మనం "నీ చిత్తం" అనగానే మనకి అన్నిటికంటే ఇష్టమైనది లాక్కుంటాడు అని. అలా అనుకుంటున్నామని ఒప్పుకోం, కానీ ప్రార్థనలో ఆ మాట దగ్గరికొచ్చేసరికి గొంతు పట్టేస్తుంది. దీనికి నేను చెప్పేది ఒకటే. మనం అప్పగించకపోయినంత మాత్రాన అది మన చేతిలో భద్రంగా ఉన్నట్టు కాదు. ఆ బిడ్డ ప్రాణం తండ్రి ఆ మాట అనకముందు కూడా దేవుని చేతిలోనే ఉంది. "నీ చిత్తం" అనడం వల్ల ఆయనకి కొత్తగా అధికారమేమీ రాదు. ఆ చేతులు ఎవరివో ఒప్పుకున్నందుకు మనకే కాస్త ఊపిరి అందుతుంది. తన సొంత కుమారుణ్ణి మనకోసం అప్పగించినవాడు మన మేలు దగ్గర వెనకాడడని పౌలు రోమా ఎనిమిదో అధ్యాయంలో వాదించింది ఇలాంటి భయానికి జవాబుగానే.

గెత్సేమనేలో ప్రభువు ప్రార్థనలోని వరస చూడండి. "సాధ్యమైతే ఈ గిన్నె నాయొద్దనుండి తొలగిపోనిమ్ము" అన్న మాట ముందు వచ్చింది. "నా యిష్టప్రకారము కాదు నీ చిత్తప్రకారమే కానిమ్ము" అన్నది తర్వాత వచ్చింది. మొదటి మాట దాటేసి రెండో మాట దగ్గరికి ఆయన కూడా వెళ్ళలేదు. పైగా ఒక్కసారితో సరిపెట్టలేదు, మూడోసారి కూడా వెళ్ళి అదే మాట ప్రార్థించాడని మత్తయి రాశాడు. మీకు ఆ పై చదువు సీటు కావాలా? కావాలని చెప్పండి. ఏడుపొస్తే ఏడ్చి చెప్పండి. కోరికని దాచిపెట్టి "నాకేమీ లేదు ప్రభువా, అంతా నీ ఇష్టం" అనడం భక్తిలా కనిపిస్తుంది గానీ, అందులో అప్పగించడానికి చేతిలో ఏమీ లేదు. పేరు పెట్టి చెప్పిన కోరికనే అప్పగించగలం.

దేవుని చిత్తం ఎలా తెలుస్తుంది?

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ముందుగా ఒక సంగతి: లేఖనంలో "ఇది దేవుని చిత్తము" అని నేరుగా చెప్పిన చోట్లు చూడండి. మీరు పరిశుద్ధులు కావడం (1 థెస్సలొనీక 4:3). ప్రతి విషయంలో కృతజ్ఞతలు చెల్లించడం (1 థెస్సలొనీక 5:18). ఏ కోర్సు, ఏ ఊరు, ఏ సంబంధం అని పేర్లు ఎక్కడా లేవు. రహస్యములు దేవునివి, బయలుపరచబడినవి మనవి అని ద్వితీయోపదేశకాండము 29:29 గీత గీసి చెప్పింది. రోమా 12:2 కూడా మనసు మారి నూతనమైతే చిత్తమేదో పరీక్షించి తెలుసుకుంటారంటోంది. అంటే తెలియడానికి ముందు మారాల్సింది మనమే. తెలిసిన చిత్తంలో నడవకుండా, తెలియని చిత్తం కోసం ఉపవాసాలు ఉండేవాళ్ళని చాలామందిని చూశాను. అన్నదమ్ముడితో మాటల్లేవు, ఉద్యోగం విషయంలో మాత్రం దేవుని స్వరం కావాలి. ముందు వెళ్ళి అన్నతో మాట్లాడమని పంపిస్తాను.

బైబిల్ గబుక్కున తెరిచి వేలు పెట్టిన వచనాన్ని జవాబుగా తీసుకోవద్దు. గిద్యోను గొర్రెబొచ్చు పరచి గుర్తు అడిగాడు కదా అంటారు. ఆయనకి దేవుడు అప్పటికే స్పష్టంగా చెప్పేశాడు. నమ్మలేక అడిగాడు, దేవుడు దయతో ఓర్చుకున్నాడు. అది మనకి పద్ధతిగా ఇచ్చింది కాదు.

తెరిచిన తలుపు, మూసిన తలుపు. "దారి తెరుచుకుంది కాబట్టి దేవుని చిత్తమే" అన్న మాట ఎంత తేలిగ్గా అనేస్తామో! యోనా పారిపోతూ యొప్పేకి వెళ్తే, తర్షీషుకి పోయే ఓడ సిద్ధంగా ఉంది. చేతిలో ఓడ ఛార్జీకి డబ్బులూ ఉన్నాయి. అంతకంటే తెరిచిన తలుపు ఏముంటుంది? దావీదుని చంపాలని వెతుకుతున్న సౌలు రాజు తనంతట తానే గుహలోకి వచ్చినప్పుడు, దేవుడు నీ చేతికి అప్పగిస్తానన్న రోజు ఇదేనని దావీదు మనుషులే అన్నారు. దావీదు చెయ్యి ఎత్తలేదు. ఇటు చూస్తే, త్రోయలో ప్రభువు తనకి తలుపు తీశాడని పౌలే రాశాడు, అయినా తీతు కనబడక మనసుకి నెమ్మది లేక అక్కడ్నుంచి వెళ్ళిపోయాడు (2 కొరింథీ 2:12-13). థెస్సలొనీకకి రావాలని ఒకటి రెండుసార్లు అనుకుంటే సాతాను ఆటంకపరిచాడన్నాడు. కాబట్టి మూసిన ప్రతి తలుపూ దేవుడే మూశాడనడానికీ లేదు. తలుపులు చూసి దారి తెలుసుకోవచ్చు, కానీ తలుపు ఒక్కటే చాలదు.

మనసులో సమాధానం. "ప్రార్థిస్తే సమాధానం వచ్చింది, అందుకే చేశాను." దీన్నీ జాగ్రత్తగా తీసుకోండి. అవిధేయుడైన యోనా తుపానులో ఓడ అడుగున గాఢనిద్ర పోయాడు. విధేయుడైన యేసు తోటలో చెమటోడ్చాడు. నెమ్మదిగా ఉన్నంత మాత్రాన సరైన దారిలో ఉన్నట్టు కాదు, వణుకు పుట్టినంత మాత్రాన తప్పుదారి పట్టినట్టూ కాదు.

"నీ గురించి దేవుడు నాతో చెప్పాడు." ఇది గట్టిగా చెప్తున్నాను. ఫలానా అబ్బాయిని చేసుకోమని, చదువు మానెయ్యమని, డబ్బు ఇమ్మని, మీ బదులు దేవుని మాట విన్నామని ఎవరైనా వస్తే, వినండి, గౌరవించండి, కానీ ఆ ఒక్క మాట మీద అడుగు వెయ్యకండి. అగబు నిజమైన ప్రవక్త. యెరూషలేములో నిన్ను బంధిస్తారని పౌలుతో చెప్పాడు, అది నిజమే అయింది. ఆ మాట విని తోటివాళ్ళు ఏడుస్తూ వెళ్ళొద్దన్నారు. పౌలు వెళ్ళాడు. చివరికి వాళ్ళే "ప్రభువు చిత్తము జరుగునుగాక" అని ఊరుకున్నారు. నిజమైన ప్రవచనం విన్నాక కూడా నిర్ణయం పౌలుదే అయింది. మీ నిర్ణయం చెయ్యాల్సింది మీరే, ఆయన ముందు జవాబు చెప్పాల్సిందీ మీరే.

మరి ఎలా చెయ్యాలి?

పారసీక రాజు దగ్గర పనిచేసిన నెహెమ్యాని చూడండి. యెరూషలేము గోడ కూలి ఉందని విన్నది కిస్లేవు నెలలో. రాజుతో మాట్లాడింది నీసానులో. మధ్యలో సుమారు నాలుగు నెలలు ఉపవాసం, ప్రార్థన. రాజు ఏం కావాలని అడగ్గానే అక్కడికక్కడే ఆకాశమందలి దేవునికి ప్రార్థించి, గుక్క తిప్పుకోకుండా చెప్పాడు: ఎన్నాళ్ళు పడుతుందో, నది అవతలి అధికారులకి ఏ తాకీదులు కావాలో, అడవి కాచే ఆసాపు దగ్గర్నుంచి మ్రానులు దేనికి కావాలో. ఆ నాలుగు నెలలు మోకాళ్ళ మీద ఉన్నవాడు లెక్క కూడా వేశాడన్నమాట. ఇంత సిద్ధపడి కూడా, నా దేవుని కరుణాహస్తం నాకు తోడుగా ఉండడం వల్లే రాజు ఒప్పుకున్నాడని రాసుకున్నాడు.

నా దగ్గరికొచ్చినవాళ్ళతో నేను చేయించే పని ఒకటుంది. ప్లాన్ రాసిన కాగితాన్ని ముందు పెట్టుకుని, ఒక్కొక్క వరస పక్కన "ఇది ఎందుకు కావాలి?" అని నిజాయితీగా రాయమంటాను. ఒకబ్బాయి పెద్ద చదువు అని రాసి, పక్కన ముందు "సేవకి ఉపయోగం" అని రాశాడు. కాసేపు చూసి అది కొట్టేసి "మా నాన్న ముందు తలెత్తుకోవాలి" అని రాశాడు. ఆ రెండో మాట రాశాకే ఆయన ప్రార్థన మొదలైంది. చదువు మానలేదు, చదివాడు. కానీ తండ్రి మెప్పు కోసం పడే ఆరాటం దేవుని ముందు పెట్టాక, ఒక పరీక్ష పోయినా కుంగిపోలేదు. ప్లాన్ కంటే దాని కింద ఉన్న కోరికని అప్పగించడం కష్టం. అసలు పని కూడా అదే.

తర్వాత ఆ ప్లాన్‌లో తెలిసిన చిత్తానికి అడ్డొచ్చేది ఏమైనా ఉందా చూసుకోండి. అబద్ధపు కాగితాలు పెడితేగానీ రాని సీటైతే ప్రార్థన అక్కర్లేదు, వదిలెయ్యండి. మీ ప్లాన్‌లో నాకొక్కటి తోచింది. పరిచర్యని చివరి వరసలో, నిలదొక్కుకున్నాక అని పెట్టారు. గంటలు తక్కువైనా సరే, దాన్ని పై వరసకి తీసుకురండి. నిలదొక్కుకోవడం అనే గీత మనం నడిచేకొద్దీ ముందుకి జరుగుతూనే ఉంటుంది.

ఇద్దరు ముగ్గురు పెద్దల్ని అడగండి. మీరు వెళ్ళినా వెళ్ళకపోయినా లాభం గానీ నష్టం గానీ లేనివాళ్ళు అందులో ఒకరైనా ఉండాలి. త్రోయలో పౌలుకి మాసిదోనియ వాడి దర్శనం వచ్చినప్పుడు కూడా "మేము నిశ్చయించుకొని" అని లూకా బహువచనంలో రాశాడు. దర్శనం ఒక్కడికే, నిశ్చయం అందరిదీ.

ఆ తర్వాత ఒక తేదీ పెట్టుకుని నిర్ణయం తీసుకోండి. దేవుని స్వరం కోసం ఎదురుచూస్తున్నానని ఏ దరఖాస్తూ పెట్టకుండా ఇంట్లో కూర్చున్న యువకుణ్ణి నాకు తెలుసు. ఏళ్ళు గడిచాయి. భారమంతా తల్లి మోసింది. దాన్ని నేను విశ్వాసం అనలేను. నిర్ణయం తప్పితే ఎవరి మీదా నింద పడకుండా, ముందే దేవుని మీదకి నెట్టేసే ఏర్పాటు అది. "నీ పనుల భారము యెహోవామీద నుంచుము" అంది సామెతలు 16:3. భారం ఉంచాలంటే ముందు పని ఉండాలి.

ప్లాన్ విరిగిపోతే

ఇక్కడ ఒక సాక్ష్యం అందరూ చెప్తారు. మిషనరీ డేవిడ్ లివింగ్‌స్టన్ చైనా వెళ్ళాలని వైద్యం చదివాడు, నల్లమందు యుద్ధం అడ్డొచ్చింది, 1840లో ఆఫ్రికాకి ఓడ ఎక్కాడు. ఇంకో మిషనరీ అడోనిరామ్ జడ్సన్ 1812లో అమెరికా నుంచి కలకత్తా చేరితే ఈస్టిండియా కంపెనీ ఉండనివ్వలేదు, 1813లో రంగూన్ చేరి బర్మా భాషలోకి బైబిల్ అనువదించాడు. నిజమే, నన్ను కూడా ఇవి బలపరిచాయి. కానీ వీటిని గాయం మీద ఉన్నవాళ్ళకి వెంటనే చెప్పకండి. అంతకంటే మంచిది వస్తుందని ఎవరికీ మాట ఇవ్వకండి. ఒక్కోసారి విరిగిన ప్లాన్ బదులు ఏదీ రాదు. తన శరీరంలో ముల్లులా ఉన్న బాధని తీసెయ్యమని పౌలు మూడుసార్లు వేడుకుంటే ముల్లు అలాగే ఉంది, "నా కృప నీకు చాలును" అన్న మాట వచ్చింది. బిడ్డని పోగొట్టుకున్న తల్లి పక్కన కూర్చుని దేవుని చిత్తం అని సర్దిచెప్పే పని మనది కాదు. ఆమెతో కలిసి ఏడవడమే మనకి చెప్పిన పని.

యిర్మీయా 29:11 మనందరికీ కంఠతా వచ్చిన వచనం. "అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." దానికి ముందున్న వచనం కూడా చదవండి. ఆ ఉత్తరం బబులోను చెరలో ఉన్నవాళ్ళకి రాసింది. డెబ్బై ఏళ్ళు పడుతుందని అందులోనే ఉంది. రెండేళ్ళలో అంతా తిరిగొస్తుందని ఆ రోజుల్లోనే హనన్యా అనేవాడు ప్రవచించాడు, జనానికి అదే బాగుంది. యిర్మీయా మాత్రం ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, ఆ పట్టణ క్షేమం కోసం ప్రార్థించండి అన్నాడు. ఆ ఉత్తరం చదివినవాళ్ళలో చాలామంది యెరూషలేమును మళ్ళీ చూడకుండానే కన్నుమూసి ఉంటారు. అయినా ఆ వాగ్దానం వాళ్ళకిచ్చిందే. అది మన ఐదేళ్ళ లెక్కలో ఇమిడే వాగ్దానం కాదు. మన తర్వాతి తరం దాకా వెళ్ళేది.

ఇంకో జాగ్రత్త. ప్లాన్ విరగడానికి మన సోమరితనం కారణమైతే, దాన్ని దేవుని చిత్తం అనకండి. చదవకుండా పరీక్ష పోయి "ప్రభువు చిత్తం కాదు" అనడం ఆయన పేరు వ్యర్థంగా వాడడమే.

అలాగే, విరిగిన వెంటనే ఇంకో పెద్ద నిర్ణయం చెయ్యకండి. 16వ శతాబ్దంలో ఇగ్నేషియస్ లయోలా అనే కథోలిక గురువు తన దగ్గరికి వచ్చేవాళ్ళకి నేర్పిన ఒక నియమం నాకు చాలాసార్లు అక్కరకొచ్చింది: మనసు చీకటిగా ఉన్నప్పుడు, వెలుగులో చేసిన నిర్ణయాన్ని మార్చకు. ఆ రోజుల్లో కొత్త కాగితం మీద కొత్త ప్లాన్ రాయాలనిపిస్తుంది, లేదా ఇక జీవితంలో ఏ ప్లానూ వద్దనిపిస్తుంది. రెండూ ఆగనివ్వండి. వేళకి తినండి, నిద్రపోండి, ఆదివారం ఆరాధన మానకండి, పాట నోటికి రాకపోతే పక్కవాళ్ళు పాడుతుంటే నిలబడండి చాలు. మొర పెట్టే కీర్తనలు చదవండి, పదమూడోది, నలభై రెండోది. వాటిలో ఎంతకాలం ప్రభువా, ఎందుకు ప్రభువా అని అడిగినవాళ్ళని ఆయన కసురుకోలేదు. ఒక మనిషితోనైనా ఆ బాధ పైకి చెప్పండి. కొన్నాళ్ళకి మనసు తేరుకున్నాక పాత కాగితం తీసి, అందులో ఏది పోయింది, ఏది ఇంకా మిగిలి ఉంది అని చూసుకుని, మిగిలినదాంతో మళ్ళీ మొదలుపెట్టవచ్చు.